ఖరీదైన చప్పుడు

పోయిన వారం కథ ఆపేసి మిమ్మల్ని మా కొట్టు గుమ్మంలో, మంచులో నిలబెట్టి వెళ్లిపోయాను. తప్పే. లోపలికి రండి. ఎవరు ఎవరో ముందు ఒకసారి చెప్పేస్తాను, కొత్తగా వచ్చినవాళ్లు తికమక పడకుండా.

నేను డెలా క్విస్ట్‌ని. మా ఆయన ఆర్డెన్ పిస్టళ్లు చేస్తాడు. ఫ్యాక్టరీలో గంపగుత్తగా దింపేవి కాదు. ఒక్కొక్కటీ చేత్తో అరగదీసి, అమర్చి, అడిగినవాడి అరచేతికి సరిపోయేలా చేసేవి. మామూలు పిస్టల్ ధరకి ఆరింతలు పలుకుతాయి. మెరిల్ స్టోకీ మా ఊళ్లోనే టైర్ల కొట్టు నడుపుతాడు. చేపలు పట్టే పడవ అమ్మి, కొత్త పొయ్యి కొనాలని భార్య దాచుకున్న డబ్బు కూడా బతిమాలి తీసుకుని, ఏళ్లకేళ్లు మా దగ్గర వంతు కోసం ఎదురుచూసి ఒకటి చేయించుకున్నాడు. పోయిన నెల ఒక ఆదివారం అది అతని చేతిలో పేలింది. పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడ్డ అతని భార్య వెర్లా అక్కడికక్కడే పోయింది. "ట్రిగ్గర్ మీద నా వేలే లేదు" అంటాడు మెరిల్. కానీ ఆ పొద్దునే చర్చి ముందు "ఆ ఇనప ముక్కో నేనో తేల్చుకో" అని వెర్లా అరిచిన అరుపు ఊరంతా విన్నది. ప్రభుత్వ ప్రయోగశాల వాళ్లు పిస్టల్‌ని పరీక్షించి, ఏ లోపమూ లేదని రాసిచ్చారు. దాంతో మెరిల్ భార్యను చంపిన కేసులో జైల్లో కూర్చున్నాడు.

ఇక గుమ్మంలో ఉన్నది ఇద్దరు. ఒకరు మెరిల్ కూతురు థియా, మిజూలా పట్నంలో నర్సు. రెండోవాడు మా ఊరి పోలీసు, డెప్యూటీ షెరీఫ్ వేన్ లూబెక్. అతని చంకలో సీలు వేసిన సంచీ, అందులో ఆ పిస్టల్.

"బూట్లు దులుపుకుని రా నాయనా, ఇప్పుడే తుడిచాను" అన్నాను వేన్‌తో. అలాంటి సమయంలో నేల గురించి మాట్లాడటమేమిటని మీరు అనుకోవచ్చు. భయం వేస్తే నాకు నోరు ఊరుకోదు, ఏదో ఒకటి వాగుతుంది.

వేన్ బుద్ధిగా బూట్లు దులుపుకున్నాడు. "కోర్టు ఒప్పుకుంది డెలా గారూ. మెరిల్ తరఫున ఆర్డెన్ గారు చూడొచ్చు. నేను పక్కనే ఉండాలి. మాట్లాడిందంతా ఇందులో పడాలి" అని అరచేతిలో పట్టేంత టేప్‌రికార్డర్ బల్ల మీద పెట్టి మీట నొక్కాడు.

"వేరే ఊరి మనిషి దొరకలేదా?" అన్నాను. "చేసినవాడి చేతికే ఇస్తే రేపు ఎవరు నమ్ముతారు?"

థియా నవ్వింది. "మా లాయరూ అదే మొత్తుకున్నాడు ఆంటీ. నాన్న వింటేనా? జైల్లోంచి ఏమన్నాడో తెలుసా? 'ఆర్డెన్ తప్ప ఇంకెవడూ దాని మీద చెయ్యి వెయ్యకూడదు, గీతలు పడతాయి' అన్నాడు. అమ్మని పాతిపెట్టి నెల కాలేదు. ఈయనకి గీతల బెంగ!"

ఆర్డెన్ కాఫీ కప్పు పక్కకి జరిపి, బల్ల మీద తెల్ల గుడ్డ పరిచాడు. ఆయన మీద నాకున్న కోపాలన్నీ రాస్తే ఈ పత్రిక చాలదు గానీ, ఒక్కటి చెప్పాలి. ఉక్కు ముట్టుకునే ముందు ఆ మనిషి చేతులు కడుక్కునే తీరు చూస్తే మందలించడానికి ఎవరికీ నోరు రాదు.

వేన్ సీలు తెంపి పిస్టల్ బయటికి తీశాడు. మా దగ్గర ఎవరికి ఆయుధం అందించినా ఒక పద్ధతి ఉంది. పిడి లోపల ఉండే తూటాల అర ఊడదీయాలి. పైన ముందుకీ వెనక్కీ జారే ఉక్కు తొడుగుని, దాన్ని మేము స్లైడ్ అంటాం, పూర్తిగా వెనక్కి లాగి ఆపాలి. గొట్టంలో చిటికెన వేలు పెట్టి, ఖాళీ అని అవతలివాడికి చూపించాలి. వేన్ అంతా పద్ధతిగానే చేశాడు. ఆ తర్వాత, ఖాళీగా ఉన్న పిస్టల్ మీద, స్లైడ్‌ని ఆపి ఉంచే మీట నొక్కేశాడు. స్లైడ్ ఒక్క ఊపున ముందుకి దూసుకెళ్లి ఠక్కున మూసుకుంది.

"ఒరేయ్!" అని ఆర్డెన్ కుర్చీలోంచి లేచాడు. మా ఆయన గొంతు పైకి లేవడం నేను ఎప్పుడు విన్నానో నాకే గుర్తులేదు. "ఖాళీ పిస్టల్ మీద స్లైడ్ వదిలేస్తారట్రా? ఎవడు నేర్పాడు నీకు?"

వేన్ ముఖం ఎర్రబడింది. "మా డిపార్ట్‌మెంటు పిస్టళ్లకి అలాగే వదిలేస్తామండీ. ఏమీ కాదుగా."

"అవి వేరు. తొక్కినా, తన్నినా పనిచేస్తాయి, అందుకే చేశారు వాటిని." ఆర్డెన్ పిస్టల్ తీసుకుని గుడ్డ మీద పెట్టాడు. "తూటాని కొట్టి పేల్చే సుత్తిని పట్టి ఉంచే చిన్న గొళ్లెం లోపల ఉంటుంది. దాని అంచు వెంట్రుకంత సన్నంగా సాన పడతాను, ట్రిగ్గర్ తేలిగ్గా కదలాలని. ఖాళీగా కొట్టిన ప్రతిసారీ ఆ అంచుకి దెబ్బ తగులుతుంది. అరలో తూటా ఉంటే తోవలో స్లైడ్ వేగం కాస్త తగ్గుతుంది. ఖాళీ అయితే చేత్తో పట్టుకుని మెల్లగా దించాలి. నా దగ్గర కొన్న ప్రతివాడి చేతా ఇక్కడే, ఈ బల్ల ముందే, అలా దింపించి మరీ ఇస్తాను. మెరిల్ చేతా దింపించాను."

"నాన్న ఎప్పుడూ అలా దించలేదు అంకుల్" అంది థియా.

"మరి?" అన్నాడు ఆర్డెన్.

"భోజనానికి ఎవరొచ్చినా ముందు అదే తంతు. గది మధ్యలో నిలబడి స్లైడ్ లాగి వదిలేవాడు. 'విన్నారా? బ్యాంకు ఖజానా తలుపు మూసుకున్నట్టు లేదూ? నేను డబ్బు పోసింది ఆ చప్పుడుకే' అనేవాడు. వచ్చినవాళ్లు ఇంకోసారి అంటే ఇంకోసారి. నేను వెళ్లినప్పుడల్లా వినలేక చచ్చేదాన్ని. అమ్మయితే చెవులు మూసుకునేది."

ఆర్డెన్ మెల్లగా కూర్చున్నాడు. నాకు మెరిల్ మీద ఒళ్లు మండిపోయింది. సంవత్సరాలు ఆగి, పడవ అమ్మి, పెళ్లాం పొయ్యి డబ్బు తిని చేయించుకున్న వస్తువుని వచ్చినవాళ్లకి డప్పులా వాయించి చూపిస్తాడా?

"మా అమ్మ నన్నొకటి అడిగింది అంకుల్" అంది థియా. బల్ల అంచు పట్టుకుని నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. "చనిపోవడానికి ముందు ఫోన్‌లో. 'అందులో ఏముందే అంత? మీ మామయ్య దగ్గర ఉన్న చవక పిస్టలూ పేలుతుంది, ఇదీ పేలుతుంది. కాగితం మీద రెండూ చిల్లులే పెడతాయి' అంది. నాకు జవాబు తెలియలేదు. మీరు చెప్పండి. ఏముంది?"

అబద్ధం చెబుతాడేమో అనుకున్నాను. కొనడానికి వచ్చినవాళ్లకి నేను చెప్పే జవాబులు నాకు కంఠతా వచ్చు: జీవితాంతం మన్నుతుంది, మనవలకి మిగులుతుంది, చేతిలో పడితే మీకే తెలుస్తుంది. ఆర్డెన్ అవేవీ అనలేదు.

"పోటీల్లో కాల్చేవాడికి, దూరపు గురి మీద, బొటనవేలి వెడల్పంత తేడా ఉంటుంది" అన్నాడు. "ఆ తేడా తెలిసే చెయ్యి ఉన్నవాళ్లు నా దగ్గరికి వచ్చేవాళ్లలో నూటికి పదిమంది కూడా ఉండరు. మీ నాన్నకి లేదు. బాగానే కాలుస్తాడు, కానీ లేదు. మిగతావాళ్లు ఎందుకు కొంటారో నాకూ పూర్తిగా తెలియదమ్మా. ఒక మనిషి తన కోసం కూర్చుని చేసిన వస్తువు ఒక్కటైనా ఉండాలని కావొచ్చు. రోజంతా టైర్లు విప్పి బిగించేవాడికి ఇంటికెళ్లి పట్టుకోవడానికి అలాంటిది ఒకటి కావాలేమో."

"అయితే మా అమ్మ అడిగింది న్యాయమేగా."

"న్యాయమే."

థియా బల్ల మీదికి వంగింది. "నాకు ఒక్కటే తెలియాలి అంకుల్. మా నాన్న ట్రిగ్గర్ నొక్కాడా, అది తనంతట తను పేలిందా? నొక్కితే నేను ఇక ఆయన ముఖం చూడను. కానీ తెలియాలి. రోజూ ఆస్పత్రిలో ఎవరెవరి చేతులో పట్టుకుని ధైర్యం చెబుతాను. ఆయన చేతులు పట్టుకోగలనో లేదో తెలియాలి."

ఇక్కడ నా సంగతీ చెప్పాలి, దాచుకుంటే ఏం లాభం? నొక్కాడు అని తేలితే ఆ పిల్లకి తండ్రి లేడు. తనంతట తను పేలింది అని తేలితే చేసినవాడు మా ఆయన. మా ఇల్లూ కొట్టూ ఒకే కప్పు కింద ఉన్నాయి, పోతే రెండూ కలిసే పోతాయి. ఆ క్షణంలో మెరిల్ నొక్కి ఉంటే బాగుండునని అనుకున్నాను. థియా నా ఎదురుగా నిలబడి ఉండగానే అనుకున్నాను.

ఆర్డెన్ సొరుగులోంచి మందు లేని ఉత్తుత్తి తూటాలు తీశాడు. పరీక్షకి వాడేవి. అరలో నింపి, పిస్టల్‌లోకి తోసి, స్లైడ్ వెనక్కి లాగి వదిలాడు. వెనక ఉన్న సుత్తి కదలకుండా నిలబడింది. అలా నిలబడాలి, ట్రిగ్గర్ నొక్కేదాకా. మళ్లీ చేశాడు. నిలబడింది. తిప్పి పట్టుకుని, వంచి, పిడి మీద గుద్ది, అన్ని రకాలుగా చేశాడు. రాయిలా నిలబడింది.

"ప్రయోగశాల వాళ్లూ ఇంతే చేశారండీ, లోపల విప్పలేదు" అన్నాడు వేన్ నెమ్మదిగా. "ఒక్కసారి కూడా జారలేదట."

థియా బల్ల అంచు వదిలేసింది. "అంటే నొక్కాడు" అంది.

నేను కోరుకున్నది అదే కదా. అయినా ఆ పిల్ల అలా అనేసరికి గుండె తరుక్కుపోయింది. వెళ్లి భుజం మీద చెయ్యి వేశాను. విదిలించుకుంది. "ఆదివారం అసలేం జరిగిందో నాకు నాన్న చెప్పినంతే తెలుసు" అంది, తనలో తను అనుకుంటున్నట్టు. "చెత్తడబ్బా దగ్గర ఎలుగుబంటి తిరుగుతోందట. బెదిరిద్దామని పిస్టల్ తీశాడు. అర నింపాడు. పైన ఇంకొకటి వేసుకున్నాడు, స్లైడ్ వదిలాడు, పేలింది. అంతే అంటాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పడు."

"పైన ఇంకొకటి అంటే?" అన్నాడు ఆర్డెన్.

"అదే, నాన్నకి అలవాటుగా. అర నిండా ఉండాలి, దానికి తోడు ఇంకొకటీ ఉండాలి. ఒక తూటా వేళ్లతో తీసి నేరుగా గొట్టంలో పడేసి, ఆపైన స్లైడ్ వదిలేవాడు. అలా చేస్తే ఒకటి ఎక్కువ పడుతుందని మురిసిపోయేవాడు. ఏం?"

ఆర్డెన్ తూటాల అర ఊడదీసి పక్కన పెట్టాడు. ప్రయోగశాల వాళ్లు నిబంధన ప్రకారం అరలోంచే ఎక్కించి ఉంటారు. అరలోంచి తూటాని తోసుకుంటూ వెళితే స్లైడ్ వేగం తగ్గుతుంది. గొట్టంలో ముందే వేసేస్తే తగ్గడానికి ఏమీ ఉండదు. ఖాళీగా వదిలినంత దెబ్బతోనే మూసుకుంటుంది. లోపల మాత్రం తూటా ఉంటుంది.

మా ఆయన ఒక ఉత్తుత్తి తూటాని వేళ్లతో తీసి గొట్టంలో వేశాడు. తన పిస్టల్ దేన్నీ ఆయన అలా కొట్టి ఎరగడు. ఒక్క క్షణం బొటనవేలు మీట మీద పెట్టి ఆగాడు. తర్వాత నొక్కాడు.

ఠక్కున మూసుకుంది. సుత్తి నిలబడింది.

మళ్లీ వేశాడు. నిలబడింది.

మళ్లీ వేశాడు. స్లైడ్‌తో పాటే సుత్తి కూడా ముందుకి వాలిపోయింది. ఆర్డెన్ చూపుడువేలు ట్రిగ్గర్‌కి దూరంగా, చట్రం మీద చాచి ఉంది. మేం నలుగురం దాన్ని చూశాం.

"ఇంకోసారి" అన్నాడు వేన్. "నన్ను చెయ్యనివ్వండి."

అతనే చేశాడు, వేలు బయటపెట్టి. కాసేపటికి మళ్లీ వాలింది. తూటా వెనక సుత్తి మొన కొట్టిన గుంట స్పష్టంగా కనిపించింది. అది నిజం తూటా అయి ఉంటే ఇప్పుడు మా గోడలో బెజ్జం పడేది.

"దేవుడా" అన్నాడు వేన్. "నిజమే చెప్పాడు పాపం."

థియా అప్పుడు కూర్చుంది. కుర్చీలో కాదు, నేల మీదే, నేను ఇందాక తుడిచిన నేల మీద. ముఖం చేతుల్లో దాచుకుని భోరుమంది. "నాన్న నొక్కలేదు ఆంటీ. నేను ఆయన్ని చూడ్డానికి వెళ్లి, అద్దానికి ఇవతల కూర్చుని, ఒక్క మాట మాట్లాడకుండా వచ్చేశాను. నొక్కలేదు." నేనూ పక్కన కూలబడి ఆ పిల్లని పట్టుకున్నాను. నాకూ ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో సగం ఆమె కోసం, సగం నా ఇంటి కోసం. ఎంత ఎవరిదో నాకే తెలియదు.

మేం లేచేసరికి ఆర్డెన్ పిస్టల్ విప్పేశాడు. ముక్కలన్నీ గుడ్డ మీద వరసగా పెట్టి ఉన్నాయి. ఆ చిన్న గొళ్లేన్ని పట్టకారుతో దీపం కింద పట్టుకుని, కంటికి భూతద్దం పెట్టుకుని చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. నేను కాఫీ పెట్టే వంకతో వెనక్కి వెళ్లి, ఆయన భుజం మీదుగా వంగాను. భూతద్దం అక్కర్లేకుండానే కనిపించింది.

ఆర్డెన్ సాన పట్టిన అంచు నీటి మీద వెలుగులా ఒకే తీరుగా మెరుస్తుంది. ఇది అలా లేదు. అడ్డదిడ్డంగా గీతలు. ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ. వంటింట్లో కత్తులు నూరుకునే సానరాయి మీద ఎవరో రుద్దారు. సుత్తి జారినా మధ్యలో పట్టి ఆపడానికి లోపల ఇంకో గంటు ఉంటుంది, దాని పెదవిని కూడా ఆకురాయితో కొట్టేశారు. ట్రిగ్గర్ ఇంకా తేలిక కావాలని.

ఇంకా తేలిక కావాలని మా దగ్గర అడిగింది ఒక్కడే. పిస్టల్ తీసుకెళ్లడానికి వచ్చిన రోజు, ఇదే బల్ల ముందు నిలబడి అడిగాడు మెరిల్. "ఇంతకన్నా తేలికైతే అది ఆయుధం కాదు, ప్రమాదం" అని ఆర్డెన్ చెయ్యనన్నాడు. సరేలే అని నవ్వుతూ వెళ్లాడు. ఇంటికెళ్లి తనే విప్పాడన్నమాట. వెర్లా వంటింటి బల్ల మీద, వెర్లా సానరాయితో.

నా ప్రాణం లేచి వచ్చింది. మా తప్పు లేదు. మా ఇల్లు మాకుంటుంది. ఆర్డెన్ నోరు తెరిచి ఆ మాట అనడమే ఆలస్యం.

ఆయన భూతద్దం తీసి థియా వైపు చూశాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూ వేన్‌ని అడుగుతోంది, నాన్నని ఎప్పుడు వదులుతారు, రాత్రికే చూడనిస్తారా, స్వెటర్ తీసుకెళ్లొచ్చా అని. ఏడుస్తూనే నవ్వుతోంది.

"వేన్" అన్నాడు ఆర్డెన్. "రాసుకో. ఈ అంచు ఎక్కువ అరిగిపోయింది. లోపలి గంటూ కొట్టేసి ఉంది. ఇది నా పనే. అలా అరగదీసింది నేనే."

నా చేతిలో కాఫీ గిన్నె ఒలికింది. వేడి నీళ్లు వేళ్ల మీద పడ్డాయి, మంట కూడా తెలియలేదు. ఏమిటి ఈ మనిషి అంటున్నది? మతి పోయిందా? ఎవడి పాపమో తన నెత్తిన వేసుకుంటున్నాడా? నన్ను అడిగాడా? ఆ కప్పు కింద నేను లేనా?

వేన్ పెన్ను ఎత్తి పట్టుకుని ఆగాడు. కుర్రాడే గానీ బుర్రతక్కువవాడు కాదు. "మీరా ఆర్డెన్ గారూ?" అన్నాడు. "మా నాన్న దగ్గర మీరు చేసింది ఒకటుంది. విప్పి చూశాను. ఇలాంటి గీతలు లేవే."

"ఆ రోజు కుదరలేదు. చెయ్యి బాగాలేదు."

"ఈ మాట టేపులో పడుతోందండీ. దీని అర్థం మీకు తెలుసుగా? మెరిల్ మీద కేసు పోతుంది. మీ మీదికి వస్తుంది."

"తెలుసు."

థియా నవ్వు ఆగిపోయింది. మా ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూస్తోంది. "మీరా అంకుల్?" అంది చిన్నగా. "అమ్మని మీరా?"

ఆర్డెన్ తల వంచుకున్నాడు.

వేన్ నా వైపు తిరిగాడు. "డెలా గారూ, ఊళ్లో అందరికీ తెలుసు, ఆయన చేసినదాన్ని మీరు ఒకసారి విప్పి చూడనిదే డబ్బాలో పెట్టరు. ఇదీ చూశారా?"

"చూశాను."

"అప్పుడు ఈ ముక్క ఇలాగే ఉందా?"

నేను బల్ల దగ్గరికి వచ్చి కూర్చోగానే పట్టకారూ భూతద్దం నా ముందుకి జరిపాడు. బల్ల కింద ఆర్డెన్ కాలు వచ్చి నా పాదం మీద ఆనింది. కొట్టుకి వచ్చినవాళ్లతో నేను నోరు జారబోయినప్పుడల్లా ఆయన చేసే పని అది. ఇన్నేళ్లలో ప్రతిసారీ ఊరుకున్నాను.

థియా నన్నే చూస్తోంది. నిజం చెబితే, తండ్రి వేలు ట్రిగ్గర్ మీద లేదుగానీ తల్లిని చంపింది మాత్రం అతని చేతులేనని ఈ పిల్లకి చెప్పినట్టు. ఊరుకుంటే, అవి ఈ ముసలాయన చేతులని ఒప్పుకున్నట్టు.

నా కాలు వెనక్కి తీసుకున్నాను.

"వేన్, ఆ టేపు ఇంకా తిరుగుతోందా?"

"తిరుగుతోందండీ."

"అయితే ఆ రికార్డర్ ఇటు జరుపు" అన్నాను.